లడ్డూ గెలిచిన వైస్ ప్రెసిడెంట్

నేను కోర్టులు దద్దరిల్లేలా వాదించిన లాయర్ని కాను. నల్లకోటు వేసుకున్న రోజుల కన్నా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దోమలు కొట్టుకున్న సాయంత్రాలే ఎక్కువ. నా పని సంఘాలు పుట్టించడం. ఫ్లాట్ల యజమానుల సంఘం, హాస్టళ్ల యజమానుల సంఘం, దుకాణదారుల సంఘం, ఏదైనా సరే. వాటికి బైలాస్, అంటే నియమావళి రాసి, రిజిస్టర్ చేయించి, ఎన్నికలు జరిపించి, తర్వాత వాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడటం. సాఫ్ట్‌వేర్ ఊపందుకున్న ఆ ఏళ్లలో అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య పాత ఇల్లు కూలని వారం లేదు. కూలినచోటల్లా ఒక అపార్ట్‌మెంటు లేచేది. అపార్ట్‌మెంటు లేచినచోటల్లా ఒక గొడవ లేచేది. తెనాలి నుంచి సూట్‌కేసుతో దిగిన నాకు అన్నం పెట్టింది ఆ గొడవలే. వాటి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆఫీసు మూసేశాక ఇద్దరు ముగ్గురు కుర్ర లాయర్లు వచ్చి, "మేడమ్, సంఘాల పని ఎలా ఉంటుంది?" అని అడిగారు. సెక్షన్లు పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. పుస్తకాల్లో లేనిది చెప్తాను. పుస్తకాల్లో లేనిదంటే ముఖ్యంగా వైస్ ప్రెసిడెంట్లు.

ఓడిపోకుండా ఓడిపోయినవాడు

మా సీనియర్ నరసింహమూర్తి గారిది ఖైరతాబాద్‌లో ఒక ఇరుకు గది. ఆయన దగ్గర చేరిన కొత్తలో నా చేత మొదటి బైలాస్ రాయిస్తూ అన్నారు, "అమ్మాయీ, ప్రెసిడెంటు ఒక్కడే అని రాయి. వైస్ ప్రెసిడెంట్ల దగ్గర మాత్రం అంకె వెయ్యకు."

"ఎందుకండీ?"

"ఎన్నికల్లో ఓడిపోయిన ఎమ్మెల్యే ఇంటికి పోతాడు. ఇక్కడ ఓడిపోయినవాడి ఇల్లు అదే బిల్డింగులో ఉంటుంది. రోజూ గెలిచినవాడితో కలిసి అదే లిఫ్టు ఎక్కుతాడు. కడుపు మండి మెయింటెనెన్స్ ఎగ్గొడతాడు. వాడికి ఏదో ఒకటి ఇవ్వాలిగా?"

ఆ ఏదో ఒకటే వైస్ ప్రెసిడెంటు. మన సంఘాల్లో ఎన్నిక అంటే పోటీ కాదు, బుజ్జగింపు. నామినేషన్లు వేసినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, టీ తాగించి, ఒకర్ని ప్రెసిడెంట్ చేసి, మిగతా అందర్నీ వైస్ ప్రెసిడెంట్లు చేసి, "ఏకగ్రీవం" అని చప్పట్లు కొట్టడం. పాము చావదు, కర్ర విరగదు. ముప్పై ఫ్లాట్ల బిల్డింగులో తొమ్మిదిమంది వైస్ ప్రెసిడెంట్లున్న సంఘాన్ని నేనే రిజిస్టర్ చేయించాను. వాళ్ళు చేసే పనేమిటంటారా? ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ కొడితే పక్కన నిలబడి చిప్ప అందుకోవడం.

అసలు ఆ రోజుల్లో ఆ మాటకున్న మోజు అలాంటిది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల విజిటింగ్ కార్డు ఇచ్చిన ప్రతివాడూ ఏదో ఒక కంపెనీకి వైస్ ప్రెసిడెంటే. కంపెనీ అంటే రెండు కంప్యూటర్లు, ఒక కూలరు.

ఎవరూ ఆలోచించని సంగతి ఒక్కటే ఉంది. ప్రెసిడెంటు లేకుండా పోతే ఏమవుతుంది? బైలాస్‌లో "అధ్యక్షుడు లేనిచో ఉపాధ్యక్షుడు ఆ బాధ్యతలు నిర్వహించును" అని ఒక ముక్క ఉంటుంది. ప్రెసిడెంటు ఉన్నంతకాలం దాన్ని ఎవడూ చదవడు.

కుడివైపు కుర్చీ

ఇప్పుడు నేను చెప్పబోయే బిల్డింగు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. పేరు చెప్పను, వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఐదంతస్తులు, కింద దుకాణాలు. ప్రెసిడెంటు పాండురంగారావు గారు, రిటైర్డ్ ఇంజనీరు. ఉత్త మాట కూడా మైకులో చెప్తే గానీ తృప్తి ఉండని మనిషి. ఆయనకి ఐదుగురు వైస్ ప్రెసిడెంట్లు.

ఆ ఐదుగురికీ ఒకటే గొడవ. వినాయక చవితికి సెల్లార్లో వేదిక వేస్తే ప్రెసిడెంటు గారికి కుడివైపు కుర్చీలో ఎవరు కూర్చోవాలి? నాలుగో అంతస్తు మోహన్ గారు తనే కూర్చోవాలనేవారు. ఆయన ఆఫీసులోనూ వైస్ ప్రెసిడెంటే, కొన్నాళ్ళు అమెరికాలో ఉండొచ్చిన మనిషి. కాదు, వయసుని బట్టి తనేనని మరొకరు.

పాండురంగారావు గారికి ఓ ఏడాది మహత్తరమైన ఆలోచన వచ్చింది. గణపతి చేతిలోని లడ్డూ వేలంపాట ఎలాగూ ఉంటుంది. ఆ లడ్డూ ఎవరు పాడుకుంటే వాళ్ళే మళ్ళీ చవితి దాకా మొదటి వైస్ ప్రెసిడెంటు, కుడివైపు కుర్చీ వాళ్ళదే. జనరల్ బాడీ ఘనంగా ఆమోదించింది. తీర్మానం రాసింది నేనే. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ రాశాను.

నిమజ్జనం రోజు పాట మొదలైంది. ఐదుగురూ హుషారుగా పెంచుకుంటూ పోయారు. చివరికి మోహన్ గారు ఒక్కరే మిగిలి, కుడివైపు కుర్చీ వైపు చూసుకుంటున్నారు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"ఇంకో వెయ్యి నాది!"

అందరూ వెనక్కి తిరిగారు. చేతిలో గరిటెతో యాదగిరి నిలబడి ఉన్నాడు.

యాదగిరికి ఆ బిల్డింగు కిందే కర్రీ పాయింటు. చుట్టూ హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకునే పిల్లలంతా సాయంత్రమైతే అక్కడే నిలబడతారు. దుకాణం అద్దెది కాదు, కొనుక్కున్నాడు. అంటే సంఘంలో సభ్యుడు. కానీ పైన ఫ్లాట్ల వాళ్ళు అతణ్ణి మీటింగులకి పిలిచేవారు కాదు. పోపు ఘాటు పైకొస్తోందని ఉదయం ఫిర్యాదు చేసి, సాయంత్రం అతని దగ్గరే పప్పుచారు కట్టించుకుని వెళ్లేవారు. అతనేమీ తక్కువ తినలేదు. తనని మీటింగుకి పిలవనివాళ్ళకి కూర అడుగునున్న ముక్కలు వెయ్యడు, ఉత్త పులుసు పోస్తాడు.

మోహన్ గారు వెయ్యి పెంచారు. యాదగిరి ఇంకో వెయ్యి. అలా కొంతసేపు సాగాక మోహన్ గారి భార్య ఆయన చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

లడ్డూ నెత్తిన పెట్టుకుని యాదగిరి వేదిక ఎక్కి, కుడివైపు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కింద హాస్టల్ కుర్రాళ్ళు ఈలలు వేశారు. తర్వాత నేను పక్కకి పిలిచి, "ఎందుకయ్యా ఇంత ఖర్చు?" అంటే, "నాలుగేండ్ల సంది మీటింగుకు పిలుస్తలేరు వకీలమ్మా. ఇప్పుడు నేను లేకుంటే మీటింగే ఉండదు" అన్నాడు.

పదవి ఎందుకు కావాలో ఇంత సూటిగా చెప్పిన నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అమెరికా పద్ధతా, ఇండియా పద్ధతా

చవితి వెళ్లిన కొన్నాళ్ళకి పాండురంగారావు గారి పదవి పోయింది. ఆయన చనిపోలేదు, రాజీనామా చెయ్యలేదు, జైలుకీ పోలేదు. కొండాపూర్ పోయారు. భూముల ధరలు పెరుగుతున్న రోజులు కదా, ఎవరికీ చెప్పకుండా ఫ్లాటు అమ్మేసి అక్కడ విల్లా కొనుక్కున్నారు. యజమాని కానివాడు సభ్యుడు కాడు, సభ్యుడు కానివాడు ప్రెసిడెంటు కాడు. అయినా ఆదివారం ఆదివారం కారేసుకొచ్చి మైకు పట్టుకునేవారు.

సంగతి బయటపడింది ఒక హోర్డింగు వల్ల. ఒక కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆ బిల్డింగు మొహానికి పెద్ద హోర్డింగు కడతామన్నారు. టెర్రస్ మీది నుంచి వేలాడదీసి ఐదో అంతస్తు ముందుభాగమంతా కప్పేస్తారు. వచ్చే అద్దెతో లిఫ్టు బాగుపడుతుంది, గోడలకి రంగులు పడతాయి. జనరల్ బాడీ చేతులెత్తి ఒప్పుకుంది. ఒప్పందం మీద ప్రెసిడెంటు సంతకం కావాలి. పాండురంగారావు గారు పెన్ను తీసేసరికి ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ లాయరు, "మీకసలు ఇక్కడ ఫ్లాటే లేదు కదండీ?" అన్నాడు.

ఆ సాయంత్రమే అత్యవసర మీటింగు పెట్టారు. మోహన్ గారు లేచి అమెరికా సంగతి ఎత్తుకున్నారు.

"అక్కడ ప్రెసిడెంటు పోతే వైస్ ప్రెసిడెంటే ప్రెసిడెంటు. మిగిలిన టర్మ్ అంతా ఆయనదే. మధ్యలో ఎన్నికలు, గొడవలు ఏమీ ఉండవు. మనమూ అలాగే చేద్దాం."

అందరూ తలూపారు. అప్పుడు నేను తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం తెరిచి, "మొదటి వైస్ ప్రెసిడెంటు యాదగిరి గారండీ" అని గుర్తుచేశాను.

మోహన్ గారు నీళ్లు తాగి మళ్ళీ లేచారు.

"అయినా మనం ఇండియాలో ఉన్నాం కదా. మన రాజ్యాంగం ఏమంటోంది? రాష్ట్రపతి పోతే ఉపరాష్ట్రపతి తాత్కాలికంగా చూస్తాడంతే. ఆరు నెలల్లోగా ఎన్నిక జరిగి తీరాలి. యాక్టింగ్ వాడు పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు."

చివరి వాక్యం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఆయన సొంత సవరణ. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. వారసత్వం గురించి మాట్లాడేవాడెవడూ సూత్రం గురించి మాట్లాడడు. ముందు మనిషిని చూసుకుంటాడు, తర్వాత సూత్రం వెతుక్కుంటాడు. దేశాల్లోనూ అంతే అయ్యుంటుంది, నేను చూసింది సెల్లార్లే.

మీటింగు అయ్యాక యాదగిరి నా వెనకే వచ్చాడు.

"వకీలమ్మా, నిజం చెప్పుర్రి. నేను సంతకం పెడితే చెల్లుతదా?"

"చెల్లుతుంది. ప్రెసిడెంటుకున్న అధికారాలన్నీ నీకున్నాయి. మోహన్ గారు చెప్పింది బైలాస్‌లో లేదు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గీ మాట ఎవ్వరికీ చెప్పకుర్రి."

తాడు

ఎందుకు చెప్పొద్దన్నాడో మర్నాడు తెలిసింది. సాయంత్రం కర్రీ పాయింటు దగ్గర నిలబడి ఉన్నాను. పైనుంచి తాడుకు కట్టిన వెదురుబుట్ట ఒకటి మెల్లగా దిగింది. యాదగిరి అందులో కూరల ప్యాకెట్లు పెట్టి, తలెత్తి చెయ్యి ఊపాడు. బుట్ట ఆగి ఆగి పైకి పోయింది.

"ఐదో అంతస్తు రామనాథం సార్" అన్నాడు. "పక్షవాతం. ఎడమ చెయ్యి ఒక్కటే పనిచేస్తది. మాట సుత పోయింది. కిటికీ కాడనే మంచం. తాడు సారే వదుల్తడు. లాగేటప్పుడు మాత్రం అమ్మ ఒక చెయ్యి ఏస్తది."

రామనాథం గారి భార్య అనసూయ గారు నాకు తెలుసు. హోర్డింగు మీటింగులో చెయ్యెత్తనిది ఆవిడ ఒక్కరే. "ఆయనకి ఆ కిటికీ ఒక్కటే మిగిలిందండీ" అని లేచి చెప్తే, "పర్సనల్ విషయాలు వద్దు మేడమ్" అని మోహన్ గారు మైకు తీసుకున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఆవిడదొక దారి అన్నట్టు చూశారు అందరూ. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ లిఫ్టు బాగుపడితే బాగుండుననే అనిపించింది. ఎందుకంటే ఐదంతస్తులు ఎక్కి నోటీసులు ఇచ్చేది నేను.

"అయితే నువ్వు సంతకం పెట్టనని చెప్పేయొచ్చుగా?" అన్నాను.

యాదగిరి గరిటె పక్కన పెట్టాడు. "చెప్తే అందరికీ దుష్మన్ అయిత. రేపటి సంది ఎవ్వరు కూర కొనరు. ఇంకో సంగతి చెప్పాలె. హోర్డింగు కింద నా కర్రీ పాయింటు బోర్డు సుత ఉచితంగ పెడ్తమన్నరు, లైట్లతోటి. రాత్రికి రోడ్డు మొత్తం కనవడ్తది. నాకు ఆశ లేదంటే అబద్ధం." మళ్ళీ గరిటె అందుకుంటూ అన్నాడు, "పెట్టబుద్ధి అయితలేదు. పెట్టనని చెప్పబుద్ధి సుత అయితలేదు."

ఆ తర్వాత అతను చేసింది చూస్తే మా సీనియర్ లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. ఇన్‌స్టిట్యూట్ మనిషి ఒప్పందం కాగితాలు పట్టుకుని వస్తే కుర్చీ వేసి, మిర్చి బజ్జీ పెట్టి, "నేను యాక్టింగ్ సార్. మోహన్ సార్ చెప్పిండు, పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దట. రాజ్యాంగం ఒప్పదు" అనేవాడు. మళ్ళీ వస్తే మళ్ళీ బజ్జీ, మళ్ళీ రాజ్యాంగం. మోహన్ గారే వచ్చి, "పర్లేదు, పెట్టేయండి" అంటే, "అయ్యో సార్, మీరే గట్లంటే ఎట్ల?" అని చెంపలు వేసుకునేవాడు.

వైస్ ప్రెసిడెంటు పదవిలో బలమంటూ ఉంటే అదే. నాకు అధికారం లేదు అని చెప్పగలగడం. ప్రెసిడెంటు కాదంటే అది మొండితనం, వైస్ ప్రెసిడెంటు కాదంటే వినయం. అతనికి అన్ని అధికారాలూ ఉన్నాయన్న సంగతి నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు. అడగని సలహా ఇవ్వడం మా వృత్తిలో లేదు.

ఏకగ్రీవం

ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి ఓపిక నశించింది. ఎదురు బిల్డింగు వాళ్ళతో మాట్లాడుతున్నామని కబురు పెట్టారు. దాంతో మనవాళ్ళకి నిద్ర పట్టలేదు. ఎన్నిక పెట్టాల్సిందే అన్నారు. మరి ప్రెసిడెంటుగా ఎవరు నిలబడతారు? పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? అద్దె అందరికీ కావాలి. సంతకం పెట్టి, రేపు మెట్ల మీద అనసూయ గారు ఎదురైతే తలెత్తి నడవడం మాత్రం ఎవరికీ వద్దు. మోహన్ గారితో సహా ఐదుగురు వైస్ ప్రెసిడెంట్లూ ఒకరి తర్వాత ఒకరు ఆరోగ్యం బాగాలేదన్నారు.

అప్పుడు మోహన్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మళ్ళీ అమెరికా పద్ధతికి పోయారు.

"యాదగిరి గారినే పర్మనెంట్ చేసేద్దాం. యాక్టింగ్ అన్న అడ్డు ఉండదు కదా. ఆయన బోర్డు కూడా ఆయనకి వస్తుంది."

చప్పట్లు మోగాయి. నాలుగేళ్లు మీటింగుకి పిలవనివాణ్ణి ఆ ఆదివారం సాయంత్రం మేళతాళాలతో తీసుకొచ్చారు. బంతిపూల దండ వేశారు. వేదిక మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఎన్నికల అధికారిగా నేను "ఏకగ్రీవం" అని ప్రకటించాను. కుర్చీలో అతను సర్దుకోకముందే మోహన్ గారు ఒప్పందం కాగితాలు ముందు పెట్టి, పెన్ను మూత తీసి అందించారు. అనసూయ గారు చివరి వరసలో కూర్చుని చీర కొంగు చేతికి చుట్టుకుంటున్నారు.

యాదగిరి పెన్ను తీసుకున్నాడు. కాగితం మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు. నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని పూలదండ వేసి మరీ లాక్కున్నారు.

అతను లేచి మైకు తీసుకున్నాడు.

"ఇన్ని దినాలు యాక్టింగ్ అని తప్పించుకున్న. ఇప్పుడు మీరే ప్రెసిడెంట్ని చేసిన్రు. ఇగ తప్పించుకునుడు లేదు."

"కరెక్ట్! పెట్టండి" అన్నారు మోహన్ గారు.

"పెడ్త సార్. అందరు కావాలంటున్నరు, నేనెవర్ని ఆపనీకి? కాకపోతే ఒక్క మాట. పైన రామనాథం సారుకు ముందుగాల చెప్పాలె. సార్, రేపటి సంది మీకు కిటికీ ఉండదు, బుట్ట దింపుడు ఉండదు అని. చెప్పకుంట మీద పర్ద ఎయ్యద్దు కద. నేనొక్కణ్ణే పోను, నాకు ధైర్యం చాలదు. నా ఎంబడి ఎవరొస్తరో చెయ్యెత్తుర్రి. పోయి చెప్పొచ్చి పెడ్త."

ఒక్క చెయ్యీ లేవలేదు. హోర్డింగుకి అందరికన్నా ముందు చెయ్యెత్తిన పెద్దమనిషి సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

"మోహన్ సార్, మీరు రార్రి."

మోహన్ గారు మెట్ల వైపు చూశారు. ఆయన చెడ్డమనిషేం కాదు. పండక్కి రామనాథం గారికి స్వీట్లు పంపే మనిషే. పైకి ఐదంతస్తులున్నాయి, పైన ఒక మంచం ఉంది, ఆ మంచం మీద మాట రాని మనిషి కళ్ళున్నాయి. ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"ఎవ్వరు లేరా?" అన్నాడు యాదగిరి. ఒక్కో వరసా చూసుకుంటూ పోయాడు. తర్వాత పెన్నుకి జాగ్రత్తగా మూత పెట్టి మోహన్ గారి జేబుకి తగిలించాడు. "అయితే నేను పెట్ట."

నాకు కళ్ళు చెమర్చాయి. ఎన్నికల అధికారి ఏడవకూడదు కాబట్టి మినిట్స్ పుస్తకంలో తల దూర్చాను. "ఒప్పందంపై సంతకానికి అధ్యక్షులు నిరాకరించారు" అని రాయబోయి, "తోడు వచ్చే సభ్యుడు లేనందున వాయిదా" అని రాశాను. ఆ వాయిదా ఇప్పటికీ అలాగే ఉంది.

ఎదురు బిల్డింగు

హోర్డింగు ఎదురు బిల్డింగుకి పోయింది. యాదగిరికి లైట్ల బోర్డు రాలేదు. కొన్నాళ్ళు సగం బిల్డింగు అతని దగ్గర కూరలు మానేసి మధురానగర్ దాకా నడిచి కొనుక్కుంది. తర్వాత ఎండలు ముదిరాక మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ళకి ముక్కలు వెయ్యడానికి అతనికి ఇంకో రెండు నెలలు పట్టింది. లిఫ్టు చందాలేసుకుని బాగుచేయించుకున్నారు, మళ్ళీ పాడైంది. మరుసటి చవితికి లడ్డూ తీర్మానం రద్దు చేశారు. అది కూడా ఏకగ్రీవమే.

కుర్ర లాయర్లు బైలాస్‌లో వైస్ ప్రెసిడెంట్ల అంకె గురించి అడుగుతుంటారు. మా సీనియర్ మాటే నా మాట, ఖాళీ వదిలేయండి. అక్కడ ఎవరొచ్చి కూర్చుంటారో మీకు తెలీదు, వాళ్ళకీ తెలీదు.

ఆ ఎండాకాలం ఏదో కాగితం మీద సంతకం కోసం ఐదో అంతస్తుకి వెళ్లాను. కిటికీ పక్కన మంచం మీద రామనాథం గారు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కిటికీకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, హోర్డింగు. కంప్యూటరు ముందు ఒక అమ్మాయి నవ్వుతోంది, పక్కన బారెడు సిలబస్సు.

"రోజంతా అదే చదువుతున్నారమ్మా" అన్నారు అనసూయ గారు. "ఇంకో నెలాగితే సర్టిఫికెట్టు ఇచ్చేసేట్టున్నారు."

రామనాథం గారు ఎడమ చెయ్యి విదిలించారు. ఆవిణ్ణి నోరు ముయ్యమని. ఆ చేత్తోనే మంచం పట్టెకి చుట్టిన తాడు అందుకున్నారు. కింద నుంచి కేక వినపడింది.

"సార్, గుత్తొంకాయ! వదులుర్రి!"

ఆయన వదిలారు.